మ్యూట్ తీసి క్లాసుకు వెళ్లండి

2021 సెప్టెంబర్. కాలేజీ తెరిచారు. క్లాస్ గ్రూపులో మెసేజ్ పడింది, టైమ్‌టేబుల్ కూడా వచ్చేసింది. మరి మీకు వెళ్లాలని ఉందా? నిజం చెప్పండి. ఏడాదిన్నరగా "కాలేజీ ఎప్పుడు తెరుస్తారో ఏమో, ఇంట్లో పిచ్చెక్కుతోంది" అన్నవాళ్లే, తీరా తెరిచాక "ఇంకో వారం చూసి వెళ్దాంలే" అంటున్నారు. మీరూ ఆ మాట అంటున్నారా? అయితే సిగ్గుపడక్కర్లేదు. ఈ అధ్యాయం మీకోసమే.

ఒక్కసారి వెనక్కి చూడండి. కొవిడ్‌తో 2020 మార్చిలో మూతపడ్డ కాలేజీలు తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తెరుచుకున్నాయి. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. ఇదిగో, సెప్టెంబర్ 1న మళ్లీ తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబర్ 2 నుంచే తెరవడం మొదలైంది కానీ సెకండ్ వేవ్‌తో అక్కడా బ్రేకు పడింది. తెలంగాణలో ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడాదికి వస్తున్న కుర్రాడు తన క్యాంపస్‌ను చూసింది మహా అయితే ఏడు వారాలు. సీనియర్ అయిపోయాడు గానీ లైబ్రరీ ఏ బ్లాకులో ఉందో తెలీదు. ఇంటర్ రెండో ఏడాది పిల్లల సంగతి ఇంకా విచిత్రం. 2020లో వాళ్ల టెన్త్ పరీక్షలు తెలంగాణలో మధ్యలో ఆగి రద్దయ్యాయి, ఆంధ్రలో మొదలవకుండానే రద్దయ్యాయి. పబ్లిక్ పరీక్ష అంటే ఏమిటో పూర్తిగా రుచి చూడకుండానే ఇంతదూరం వచ్చేశారు.

ఇలాంటప్పుడు అందరూ చెప్పేది ఒక్కటే: "సిలబస్ పోయింది, త్వరగా కవర్ చెయ్యండి." నాకైతే సిలబస్ గురించి పెద్ద బెంగ లేదు. పీడీఎఫ్‌లున్నాయి, వీడియోలున్నాయి, ఎలాగోలా పూర్తవుతుంది. ఆన్‌లైన్ క్లాసు మనకు అలవాటు చేసిన పాడు అలవాటు ఇంకొకటుంది. దాక్కోవడం. కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్, స్క్రీన్ మీద పేరు మాత్రం హాజరు. సార్ "అర్థమైందా?" అంటే చాట్‌లో నలభై మంది "యెస్ సార్". వాళ్లలో సగంమంది ఫోను దిండు పక్కన పెట్టి టిఫిన్ తింటున్నారని సార్‌కీ తెలుసు. క్లాసు గదిలో ఆ చాటు ఉండదు. లేపి అడుగుతారు, బోర్డు దగ్గరికి పిలుస్తారు, పక్కవాడు మీ నోట్సులోకి తొంగి చూస్తాడు. మీ గుబులంతా దీని గురించే కాదూ?

కాబట్టి సిద్ధమవడమంటే మిగిలిపోయిన పాఠాలన్నీ మింగేసి వెళ్లడమని అనుకోకండి. రానిది రాదని నలుగురిలో చెప్పగలిగితే చాలు, మిగతాది దాని వెనకే వస్తుంది. ఇక పనిలోకి దిగుదాం.

1. ముందు లేచే టైము మార్చండి

రాత్రి రెండింటికి పడుకుని, తొమ్మిదిన్నర క్లాసుకు తొమ్మిదీ ఇరవై తొమ్మిదికి మంచంలోంచే లాగిన్ అయిన అలవాటు మీది. ఇప్పుడేమో కాలేజీ బస్సు ఏడుంపావుకే స్టాపులో ఉంటుంది. చాలామంది చేసే తప్పేమిటంటే, కాలేజీకి ముందురోజు రాత్రి తొమ్మిదింటికే పడుకోవడం. నిద్ర రాదు. అటూ ఇటూ దొర్లి, ఫోను తీసి, ఒంటిగంట చేస్తారు. ముందు పడుకోవాలని చూడకండి, ముందు లేవండి. లేచే టైమును రోజుకు అరగంట చొప్పున ముందుకు జరపండి. వారంలో మూడున్నర గంటలు దిగిపోతుంది, నిద్ర తనంతట తనే ముందుకు వస్తుంది.

కూర్చోవడం కూడా సాధనే. మంచం మీద కాదు, కుర్చీలో, ఫోను పక్క గదిలో పెట్టి యాభై నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదటి రోజు ఇరవయ్యో నిమిషానికే చెయ్యి జేబులోకి వెళ్తుంది. వెళ్లనివ్వండి. ఖాళీ జేబు తడిమి వెనక్కి వస్తుంది.

2. చేతికి రాత గుర్తు చెయ్యండి

దీని గురించి ఎవరూ పట్టించుకోరు గానీ నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఈ ఏడాదిన్నరలో మీరు చేత్తో ఎన్ని పేజీలు రాశారు? అసైన్‌మెంట్లు ఫొటో తీసి పంపారు. అందులోనూ కొన్ని ఇంకొకరు రాసినవి, అవునా? నోట్సులు స్క్రీన్‌షాట్లయ్యాయి. పరీక్ష మాత్రం కాగితం మీదే, మూడు గంటలు.

ఇవాళే ప్రయోగం చేసి చూడండి. పాత పెన్ను తియ్యండి. అది ఎండిపోయి ఉంటుంది, అదే మొదటి సాక్ష్యం. ఇంకోటి తీసుకుని, మీకు బాగా వచ్చిన జవాబే ఒకటి ఇరవై నిమిషాలు ఆపకుండా రాయండి. మొదటి పేజీ ముత్యాల్లా వస్తుంది. రెండో పేజీ మధ్యకు వచ్చేసరికి మధ్యవేలి గోరు పక్కన నొప్పి, బొటనవేలు బిగుసుకోవడం. లైన్లు కుడివైపు పైకి ఎగబాకుతాయి. 'త'కూ 'న'కూ తేడా ఉండదు, ఇంగ్లీషులో రాసేవాళ్లకైతే 'ఎన్'కూ 'ఆర్'కూ ఉండదు. జవాబు వచ్చి కూడా మార్కులు పోయేది ఇక్కడే.

మందు సులువే. మొదటి వారం రోజుకొక జవాబు, ఇరవై నిమిషాలు. రెండో వారం వరసగా రెండు. మూడో వారం ఒక ఆదివారం పొద్దున పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని పూర్తి మూడు గంటలు. మార్కులు వేసుకోకండి, పూర్తిచేశారా లేదా అన్నదే చూడండి. కొవిడ్ సడలింపుగా జేఎన్‌టీయూ హైదరాబాద్ ఎనిమిది ప్రశ్నల్లో ఏవైనా ఐదు రాస్తే చాలంది. ఒక్కోదానికి ముప్పై ఆరు నిమిషాలన్నమాట. అంత వెసులుబాటులోనే ఐదోది సగంలో వదిలేసి బయటికొచ్చినవాళ్లున్నారు. పాత పద్ధతి తిరిగొస్తే పార్ట్ ఏలో చిన్న ప్రశ్నలన్నీ రాయాల్సిందే, చాయిస్ ఉండదు. అప్పుడేం చేస్తారు?

క్లాసులో కూడా బోర్డును ఫొటో తియ్యకండి. రాయండి. తీసిన ఫొటో మళ్లీ చూసిన పాపాన పోయామా ఎప్పుడైనా?

3. రానివాటి చిట్టా ఒక్క కాగితానికి మించకూడదు

"పోయిన సెమిస్టర్లు మొత్తం మళ్లీ మొదట్నుంచి చదువుతా" అని శపథం చేసేవాళ్లుంటారు. నూట ఇరవై వీడియోల ప్లేలిస్టు సేవ్ చేసుకుంటారు, కోర్సు కొంటారు, నాలుగో వీడియో దగ్గర ఆగిపోతారు. పోయినదంతా తిరిగి రాదు, అక్కర్లేదు కూడా. ఈ సెమిస్టర్‌కు ఏది లేకపోతే బండి కదలదో అది చాలు.

ఎలా పట్టుకోవాలి? ఈ సెమిస్టర్ పుస్తకం తెరిచి ఒక్కో సబ్జెక్టులో మొదటి యూనిట్ చదవండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ వేలు పెట్టండి. ఆ ఆగిపోవడానికి వెనక ఉన్న పాత పాఠం ఏది? ఈసీఈ వాళ్లు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో ఆగారంటే తొంభై పాళ్లు ఇంటిగ్రేషన్ మర్చిపోయి ఉంటారు. సీఎస్ఈ వాళ్లకు డేటా స్ట్రక్చర్స్‌లో లింక్డ్ లిస్టు బుర్రకెక్కడం లేదంటే సీలో పాయింటర్లు రావన్నమాట. బీకామ్ వాళ్లు కార్పొరేట్ అకౌంటింగ్‌లో షేర్ల జారీ దగ్గర తికమకపడుతున్నారంటే లోపం అక్కడ లేదు, మొదటి ఏడాది జర్నల్ ఎంట్రీల్లో ఉంది. ఏది డెబిట్టో ఏది క్రెడిట్టో చేతికి రాలేదు.

చిట్టాలో సబ్జెక్టుకు రెండుకు మించి రాయకండి. ఒక్కోదానికి మూడు సాయంత్రాలు కేటాయించండి. కొట్టేస్తూ పోండి.

4. మొదటి ప్రశ్న మొదటి వారంలోనే అడగండి

వెనక బెంచీ మీద నాకు కోపమేమీ లేదు. జీవితంలో పైకొచ్చిన వెనక బెంచీ వాళ్లు బోలెడుమంది. కానీ మొదటి మూడు వారాలు మాత్రం అక్కడ కూర్చోకండి. అది మళ్లీ కెమెరా ఆఫ్ చేసుకోవడమే. రెండో మూడో బెంచీ చాలు.

ప్రశ్న అడగడానికీ ఒక పద్ధతి ఉంది. ఈ రెండూ పోల్చి చూడండి.

"సార్, ఆన్‌లైన్‌లో చెప్పినప్పుడు మా ఊళ్లో సిగ్నల్ లేదు సార్, ఏం అర్థం కాలేదు సార్."

"సార్, థర్మోడైనమిక్స్ మొదటి నియమం వరకు వచ్చింది సార్. ఎంట్రోపీ దగ్గర్నుంచి పట్టు దొరకడం లేదు. ఏ లెక్కతో మొదలుపెట్టమంటారు?"

మొదటిదానికి సార్ ఏం చెప్పగలరు? "నోట్సు చదువుకోమ్మా" అంటారు, అంతకుమించి ఆయన చేతిలో ఏమీ లేదు. రెండోదానికి జవాబుంది. ఎంతవరకు వచ్చిందో చెప్పి, ఎక్కడ ఆగిందో చూపించి, ఏం కావాలో అడగండి. సిగ్నల్ లేకపోవడం అబద్ధమని కాదు. గుట్టెక్కి, చెట్టెక్కి, పొలం గట్టున కూర్చుని క్లాసులు విన్న పిల్లలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అయితే కారణం చెబితే సానుభూతి వస్తుంది, పాఠం రాదు.

అందరి ముందు నోరు పెగలడం లేదా? పీరియడ్ అయ్యాక సార్ స్టాఫ్ రూముకు వెళ్తుంటే మెట్ల దగ్గర అడగండి. మేడమ్ రిజిస్టర్ సర్దుకుంటున్నప్పుడు అడగండి. ఇంకో మాట. వాళ్లూ ఏడాదిన్నరగా నల్లటి డబ్బాలకు పాఠం చెప్పీ చెప్పీ విసిగిపోయారు. ఎదురుగా ఒక మొహం ప్రశ్న అడిగితే వాళ్లకు ఎంత సంతోషమో మీరు ఊహించలేరు.

పక్కవాడు నవ్వుతాడేమో అంటారా? నవ్వనివ్వండి. "మామా, ఆయనేం చెప్పాడ్రా?" అంటూ సాయంత్రం వాడే మీ నోట్సు అడుగుతాడు.

5. ల్యాబ్‌లో తెలిసినట్టు నటించకండి

టైట్రేషన్ యూట్యూబులో చూశారు. బ్యూరెట్ ఎప్పుడైనా పట్టుకున్నారా? ఎడమచేత్తో కొళాయి తిప్పుతూ కుడిచేత్తో ఫ్లాస్కు ఊపాలి. వీడియోలో అది ఎవరూ నొక్కి చెప్పరు. ఫినాఫ్తలీన్ వేశాక రంగు వచ్చి వచ్చి మాయమవుతుంటుంది. ఇక ఒక్క చుక్కే అనుకున్నచోట చెయ్యి జారి నాలుగు చుక్కలు పడతాయి. లేత గులాబీ రావాల్సింది ముదురు గులాబీ అయిపోతుంది. రీడింగు పోయింది. అప్పుడు చాలామంది ఏం చేస్తారు? పక్క బ్యాచ్ రీడింగు దించేసుకుంటారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు ఒంటరిగా నిలబడ్డ రోజు దించుకోవడానికి ఎవరూ ఉండరు.

మొదటి ల్యాబ్ రోజునే చెప్పెయ్యండి: "మేడమ్, మాది ఫస్టియర్ ల్యాబ్ మొత్తం ఆన్‌లైన్. ఒక్కసారి చేసి చూపిస్తారా?" ల్యాబ్ అసిస్టెంట్ అన్నను అసలు మర్చిపోకండి. ఏ మల్టీమీటర్ తప్పు చూపిస్తుందో, ఏ స్టాప్‌వాచ్ ఆగిపోతుందో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. పావుగంట ముందు వెళ్తే ఆయనే అన్నీ చూపిస్తారు.

6. హాజరు లెక్క మొదట్లోనే వేసుకోండి

జేఎన్‌టీయూ పరిధిలో 75 శాతం హాజరు ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే అనారోగ్యంలాంటి కారణం చూపించి, ఫీజు కట్టి, కండొనేషన్ అడగాలి. 65 కంటే తగ్గితే డిటెన్షనే. మీ యూనివర్సిటీ నిబంధన వేరేలా ఉందేమో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. సెమిస్టర్‌లో 90 పనిదినాలు అనుకుందాం. 22 రోజులు మానొచ్చు. "అబ్బో, 22 రోజులా!" అనుకుంటున్నారు కదూ? ఇంట్లో ఒకరికి కొవిడ్ వచ్చి మీరు 14 రోజులు ఆగిపోయారంటే మిగిలింది 8. దసరాకు ఊరెళ్లి నాలుగు రోజులు అటూ ఇటూ అయితే 4. అందుకే మొదటి నెలలో "ఇంకో వారం చూద్దాం" అనే విలాసం మీకు లేదు. జ్వరమొస్తే డాక్టర్ చీటీ, టెస్టు రిపోర్టు ఫోనులో ఒకటి, కాగితం ఒకటి దాచండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర కూడా హాజరు చూస్తారు, మర్చిపోవద్దు.

7. పరామర్శలో ఆరా తియ్యకండి

ఈ సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయాలి. సెకండ్ వేవ్‌లో ఏప్రిల్, మే నెలలు ఎన్ని ఇళ్లను గుల్ల చేశాయో మీకు తెలుసు. మీ క్లాసులో నాన్నను పోగొట్టుకున్న అమ్మాయి ఉండొచ్చు, అమ్మను పోగొట్టుకున్న అబ్బాయి ఉండొచ్చు. మనకో అలవాటుంది. "ఎలా జరిగింది? ఏ హాస్పిటల్? ఎంతయింది? ఆక్సిజన్ దొరకలేదా?" ప్రేమతోనే అడుగుతాం. అడిగిన ప్రతివాడికీ ఆ పిల్ల ఆ రోజంతా మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవాలి. వద్దు. "నోట్సు నేను రాసి ఉంచా, తీసుకో" అనండి. మధ్యాహ్నం బాక్సు తెరిచేటప్పుడు పక్కన కూర్చోండి. తనంతట తను చెబితే వినండి.

ఆ పోగొట్టుకున్నది మీరే అయితే, మొదటి వారంలోనే క్లాస్ టీచర్‌కో మెంటర్‌కో ఒక్క మాట చెప్పి ఉంచండి. క్లాసు మధ్యలో లేచి బయటికి వెళ్లాల్సి వస్తే కారణం చెప్పుకునే అవస్థ ఉండదు.

8. సంపాదన మొదలుపెట్టినవాళ్లకు

మీలో కొందరు ఊరికే ఇంట్లో కూర్చోలేదు. ఉపాధి హామీ పనికి వెళ్లారు, నాన్నతో మేస్త్రీ పనికి వెళ్లారు, సిటీలో ఫుడ్ డెలివరీ చేశారు. ఇప్పుడు నెలకు వచ్చే ఆ డబ్బులు ఆగిపోతే ఇల్లెలా? "చదువు ముఖ్యం" అని నేను ఇక్కడ కూర్చుని చెప్పడం తేలికే. ఇంట్లో ఇలా మాట్లాడి చూడండి: "నాన్నా, కాలేజీ మూడున్నరకు అయిపోతుంది. సాయంత్రాలు, ఆదివారాలు పనికి వెళ్తా. నెలకు ఇంత తగ్గుద్ది. ఈ సంవత్సరం ఆగితే డిగ్రీ అవుద్ది." లెక్క చెబితే పెద్దవాళ్లు వింటారు. లెక్క లేకుండా అడిగితే "మాకు మాత్రం లేదా ఏంటి చదివించాలని" అని గొడవవుతుంది. ఫీజు బాకీ ఉందని మొహం చాటేసేవాళ్లు ఇంకా ఎక్కువ. బాకీ ఉన్నా క్లాసుకు రండి, ప్రిన్సిపాల్ గారిని కలిసి వాయిదాలు అడగండి. కనిపించకుండా పోయినవాడికి ఎవరూ సాయం చెయ్యలేరు. చెప్పాపెట్టకుండా మానెయ్యడం మాత్రం చెయ్యొద్దు.

9. మాస్కూ గీస్కూ

క్లుప్తంగా చెబుతా. పద్దెనిమిది నిండితే టీకా వేయించుకోండి. కొవిషీల్డ్ రెండో డోసుకు 2021లో 12 నుంచి 16 వారాల ఎడం పెట్టారు. ఆ తేదీ ఇంటర్నల్స్‌లో పడుతుందేమో ఇప్పుడే చూసుకోండి, మర్నాడు జ్వరం రావొచ్చు. మాస్కు ఒకటి మొహానికి, ఒకటి బ్యాగులో. మీ నీళ్ల సీసాలోవే మీరు తాగండి. స్టూడెంట్ బస్ పాస్‌కు ముందే దరఖాస్తు పెట్టండి. కాలేజీ తెరిచిన వారంలో కౌంటర్ దగ్గర క్యూ ఎలా ఉంటుందో మీ సీనియర్లను అడగండి.

ఇవన్నీ చేసినా మొదటి పది రోజులు బాగోవు. తల పగిలిపోతుంది, ఇంటికి రాగానే మంచమెక్కాలనిపిస్తుంది, "ఆన్‌లైనే హాయిగా ఉండేది" అని గ్రూపులో ఎవరో ఒకరు పెడతారు, మీరు లైక్ కొడతారు. పది రోజులకే తీర్పు చెప్పేసుకోకండి. మొదటి మిడ్ దాకా చూడండి. అప్పటికీ క్లాసు గదిలోకి వెళ్తుంటే గుండె దడదడ, తిండి సహించకపోవడం, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం ఉంటే దాన్ని బద్ధకమని తిట్టుకోకండి, ఇంకెవరైనా తిట్టినా నమ్మకండి. మీకు చనువున్న లెక్చరర్‌తోనో, ఇంట్లో అక్కతోనో అన్నతోనో చెప్పి డాక్టర్‌ను కలవండి. రేపటి సంగతంటారా? రెండు పెన్నులు బ్యాగులో వేసుకుని మొదటి పీరియడ్‌కే వెళ్లండి, రెండో పీరియడ్‌కు కాదు.